నెమ్మదైన నాయిక: టనాకా కినుయో జీవితం

మన క్లాసులో జపాన్ పిచ్చి ఎంత ఉందో వేరే చెప్పక్కర్లేదు. ఒక ఫోన్ చుట్టూ నలుగురు చేరారంటే సగం సార్లు అందులో ఆడేది జపాన్ యానిమేనే. పాటలూ అంతే. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వింటాం. నేను గమనించింది ఏంటంటే, మనలో చాలామందికి నచ్చేది గట్టిగా అరిచే పాత్రలు కాదు. ఎక్కువ మాట్లాడని అమ్మాయి, కిటికీ పక్కన కూర్చుని అన్నీ చూసే అమ్మాయి, నాలుగు మాటలు అనాల్సిన చోట ఒక్క చూపుతో సరిపెట్టే అమ్మాయి. మన ఫోన్లలో వాల్‌పేపర్ అయ్యేది ఆ అమ్మాయే.

ఈ నెమ్మదైన నాయిక ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతుక్కుంటూ వెనక్కి పోతే, మనం చూసే యానిమేలకంటే చాలా ముందే జపాన్ సినిమాలో ఆ ముఖం ఒకటి కనిపించింది. ఆమె పేరు టనాకా కినుయో. ఆమె పోయి దాదాపు యాభై ఏళ్ళు. దాదాపు 250 సినిమాల్లో నటించింది. ఆరు సినిమాలకు దర్శకత్వం వహించింది. ఆమె గురించి తెలుగులో నాకు పెద్దగా ఏమీ దొరకలేదు. అందుకే ఈసారి గోడపత్రికలో నా వంతుకు ఆవిడ కథే రాస్తున్నాను.

టనాకా ఇంటిపేరు, కినుయో సొంత పేరు. జపాన్ వాళ్ళు కూడా మనలాగే ఇంటిపేరు ముందు రాస్తారు. కిను అంటే పట్టు. 1909లో షిమొనోసెకి అనే రేవు పట్టణంలో పుట్టింది. హోన్షూ అనే పెద్ద దీవికి పడమటి కొసన ఉంటుంది ఆ ఊరు. ఎనిమిది మంది పిల్లల్లో ఆఖరిది. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు. ఉన్న ఆస్తి కరిగిపోయింది. చివరికి తల్లి పిల్లల్ని తీసుకుని ఒసాకా నగరం చేరింది. ఊరు విడిచి పెద్ద పట్నానికి బతకడానికి రావడం అంటే ఏమిటో మన ఇళ్ళలో పెద్దవాళ్ళను అడిగితే చెప్తారు. జపాన్‌లోనూ అది అంతే.

చిన్నప్పుడే కినుయో బివా నేర్చుకుంది. బివా అంటే తీగల వాద్యం. పూర్వం అంధులైన సంచార గాయకులు దాన్ని వాయిస్తూ యుద్ధ కథలు పాడేవారు. మన బుర్రకథకు తంబురా ఎలాగో వాళ్ళ కథలకు బివా అలాగన్నమాట. పదేళ్ళ వయసులో ఆ పిల్ల ఒసాకాలో ఆడపిల్లల బివా నాటక బృందంలో చేరింది. పాడటం, ఆడటం, వాయించడం, ఇంటికి నాలుగు డబ్బులు తేవడం. మనం ఐదో తరగతి చదివే వయసులో ఆమె సంపాదించడం మొదలుపెట్టింది.

1924లో, పద్నాలుగేళ్ళకు, షోచికు అనే పెద్ద సినిమా కంపెనీలో చేరింది. అప్పటివి మూకీ సినిమాలు. తెర పక్కన బెన్షీ అనే కథకుడు నిలబడి, అన్ని పాత్రల మాటలూ తానే చెప్పేవాడు. అంటే తెర మీద అమ్మాయి పెదవులు కదిపితే, గొంతు మాత్రం పక్కనున్న మగవాడిది. ఆ రోజుల్లో నటికి మిగిలింది ముఖం, చేతులు, నడక. కినుయో నేర్చుకున్న మొదటి పాఠం అదే. మాట లేకుండా చెప్పడం.

మరుసటి ఏడాది టోక్యోలోని కమాటా స్టూడియోకి మారింది. షిమిజు హిరోషి అనే యువ దర్శకుడితో కొంతకాలం కాపురం చేసింది. అది 1929కల్లా ముగిసిపోయింది. ఆ తర్వాత ఆమె పెళ్ళి జోలికి పోలేదు. అప్పుడప్పుడే పైకి వస్తున్న ఒజు యసుజిరో సినిమాల్లో నటించడం మొదలుపెట్టింది. ఒక సంగతి మాత్రం ఇక్కడే చెప్పాలి. ఆమె ఎప్పుడూ మెత్తని పాత్రలే వేసిందని అనుకోకండి. 1933లో ఒజు తీసిన ఒక మూకీలో ఆమె పగలు టైపిస్టు, రాత్రి రౌడీ గారి ప్రియురాలు. చివర్లో అతను పారిపోకుండా, జైలుకు పోయి మంచిగా తిరిగి రావాలని తుపాకీతో కాలి మీద కాల్చేస్తుంది! కానీ జనం గుర్తు పెట్టుకున్నది ఆ తుపాకీని కాదు.

1931లో జపాన్‌లో మొదటి పూర్తి నిడివి టాకీ వచ్చింది. మన దేశంలో ఆలం ఆరా వచ్చింది కూడా అదే ఏడాది. గోషో హెయినొసుకె తీసిన ఆ హాస్య సినిమాలో ఒక రచయిత పక్కింటి జాజ్ గోలకు రాసుకోలేక అవస్థ పడుతుంటాడు. అతని భార్యగా కినుయో. మూకీల్లో వెలిగిన తారలు చాలామందికి టాకీ అంటే భయం. గొంతు బాగుంటుందో లేదో, యాస బయటపడుతుందేమో అని. కినుయో మాటలో పుట్టిన ఊరి యాస కొంచెం మిగిలే ఉండేదట. విచిత్రం ఏంటంటే, ఆ మెత్తని తియ్యని గొంతే జనానికి తెగ నచ్చేసింది.

ఇది చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. మన మద్రాసు తెలుగు గురించి మీకు తెలుసు కదా. పెళ్ళికని అటు నెల్లూరు దాటి వెళ్ళామంటే చాలు, మనం రెండు మాటలు మాట్లాడగానే అరవ తెలుగు అని ఎవరో ఒకరు నవ్వుతారు. అందుకే నేను అక్కడ పెద్దగా నోరు విప్పను. చుట్టాలు అది చూసి, పిల్ల ఎంత నెమ్మదో అని మెచ్చుకుంటారు. నెమ్మది అని బయటకి కనిపించేదాని వెనక ఏముంటుందో ఎవరూ అడగరు. కినుయో కథలో నన్ను పట్టుకున్నది ఈ ప్రశ్నే. ఆమె మౌనం ఎంత వరకు ఆమెది, ఎంత వరకు చూసేవాళ్ళు కోరుకున్నది?

1938లో వచ్చిన ఐజెన్ కత్సురా అనే సినిమాతో ఆమె దేశమంతా ఇంటింటి పేరు అయింది. అందులో ఆమె ఒక నర్సు. భర్త పోయి, చిన్న కూతురితో ఒంటరిగా బతుకుతుంటుంది. ఆసుపత్రి యజమాని కొడుకైన డాక్టర్ ఆమెను ప్రేమిస్తాడు. రైలు అందుకోలేకపోవడం, ఒకరికొకరు తప్పిపోవడం, కళ్ళనీళ్ళు. మన పాత సినిమాలు చూసిన అమ్మమ్మలకు ఇది చెప్తే వెంటనే కలిసిపోతారు. ఆ సినిమా పాట రికార్డులు కూడా విపరీతంగా అమ్ముడయ్యాయి. ఓర్చుకునే ఆడది, పైకి అనని ప్రేమ, వెనక ఒక విషాదపు పాట. ఈ మూడూ కలిస్తే జనం ఎలా కరిగిపోతారో జపాన్ సినిమా కంపెనీలకు అప్పుడు బాగా అర్థమైంది.

తర్వాత యుద్ధం. 1944లో కినోషిత కెయిసుకె రికుగున్ అనే సినిమా తీశాడు. రికుగున్ అంటే సైన్యం. పేరు చూస్తేనే తెలుస్తుంది, సైన్యం కోసం తీసిన ప్రచార చిత్రం. కొడుకును చక్రవర్తికి అప్పగించడం గర్వకారణం అని చెప్పాలి. తల్లి పాత్ర కినుయోది. కొడుకు దళం బయల్దేరే రోజు, ఏడుస్తానేమో అని ఆమె ఇంట్లోనే ఉండిపోతుంది. దూరంగా బాకా వినిపిస్తుంది. అంతే, లేచి పరుగు తీస్తుంది. వీధులు దాటి, జనాన్ని తోసుకుంటూ, వరసలో నడుస్తున్న వందల మందిలో కొడుకు ముఖం వెతుక్కుంటూ పరిగెడుతుంది. నిమిషాల తరబడి దాదాపు ఒక్క మాట ఉండదు. కొడుకు దొరుకుతాడు, పక్కన కొంత దూరం నడుస్తుంది, గుంపు ఆమెను నెట్టేస్తుంది. చివరికి చేతులు జోడించి నిలబడిపోతుంది.

స్క్రిప్టు కాగితం మీద చూస్తే తల్లి కొడుకును సాగనంపింది అన్న సంగతే. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ తెర మీద ఆ ముఖం చూశాక, నా బిడ్డను పంపను అని ఆమె అరుస్తున్నట్టే ఉంటుంది. సైనికాధికారులకు కోపం వచ్చింది. యుద్ధం అయ్యేదాకా కినోషిత మరో సినిమా తీయలేకపోయాడు. మాటల్ని కత్తిరించగల సెన్సారుకు, ఒక తల్లి ముఖాన్ని కత్తిరించడం చేతకాలేదు.

యుద్ధం ముగిసింది. 1949 అక్టోబరులో కినుయో సద్భావన యాత్ర మీద అమెరికా వెళ్ళింది. వెళ్ళేటప్పుడు కిమోనోలో వెళ్ళింది. 1950 జనవరిలో తిరిగి వచ్చేటప్పుడు నల్లకళ్ళద్దాలు, పాశ్చాత్య దుస్తులు, పైన బొచ్చు కోటు. స్వాగతం చెప్పడానికి వచ్చిన జనానికి హలో అని, గాల్లో ముద్దులు విసిరింది. టోక్యోలో గింజా వీధిలో పైకప్పు తీసిన కారులో ఊరేగింది. ఇంతే ఆమె చేసింది. పత్రికలు మీద పడ్డాయి. దేశం ఆకలితో ఉంటే ఈవిడ అమెరికా వేషం వేసుకొచ్చింది అని, వయసు మళ్ళాక ఈ కులుకులేంటి అని. ఓడిపోయిన దేశం, వీధుల్లో అమెరికా సైన్యం, జనంలో ఉన్న అవమానం, అదంతా నిజమే. కానీ ఆ కోపమంతా ఒక నటి కోటు మీద చూపించారు. అప్పటికి ఆమె వయసు నలభై.

ఇక్కడ నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. నెమ్మదైన నాయికను జనం ప్రేమిస్తారు, ఆమె నెమ్మదిగా ఉన్నంత వరకే. ఒక్కసారి చెయ్యి ఊపితే, ఒక్కసారి తనకు నచ్చిన బట్ట కట్టుకుంటే, అదే జనం మొహం తిప్పుకుంటారు. కినుయో చాలా కుంగిపోయింది. ఇక ఆమె పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు.

అప్పుడు మిజోగుచి కెంజి ఆమెను పిలిచాడు. అంతకుముందే ఇద్దరూ కలిసి పని చేశారు. 1947లో ఆయన తీసిన సినిమాలో కినుయో, మత్సుయి సుమాకో పాత్ర వేసింది. సుమాకో 1914లో నాటకంలో పాడిన పాట జపాన్‌లో రికార్డుగా వచ్చి ఊరూరా మారుమోగింది. ఒక పాత గాయని జీవితాన్ని ఈ నటి మళ్ళీ బతికించింది అన్నమాట. ఇప్పుడు 1952లో ఓహరు జీవితం. రాజభవనంలో కొలువున్న ఒక అమ్మాయి తనకంటే తక్కువ హోదా వాడిని ప్రేమించినందుకు మెట్టు మెట్టుగా కిందికి జారి, ముసలితనంలో వీధిన పడుతుంది. కన్న కొడుకు ప్రభువైతే, అతన్ని దూరం నుంచి చూడటానికి మాత్రమే అనుమతి. యవ్వనం నుంచి వార్ధక్యం దాకా కినుయో ఒక్కతే వేసింది. ఆ సినిమాకు వెనిస్‌లో బహుమతి వచ్చింది. మరుసటి ఏడాది ఉగెట్సు, ఆ పై ఏడాది సాన్షో దయు, రెంటికీ వెనిస్‌లో వెండి సింహం.

సాన్షో దయు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రయాణంలో దొంగలు ఒక తల్లిని, ఇద్దరు పిల్లల్ని విడదీసి అమ్మేస్తారు. తల్లి సాదో దీవిలో, పిల్లలు ఎక్కడో బానిసల దొడ్డిలో. తప్పించుకోబోయిన తల్లికి కాలి నరం కోసేస్తారు. ఆమె కుంటుతూ కొండ అంచుకు వచ్చి, సముద్రం వైపు చూస్తూ పిల్లల పేర్లు పెట్టి పిలుస్తుంది. ఆ పిలుపే పాటవుతుంది. ఏళ్ళ తర్వాత సాదో నుంచి కొత్తగా వచ్చిన ఒక బానిస పిల్ల పని చేసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తుంటే, పక్కనున్న కూతురు అందులో తన పేరు, అన్న పేరు వింటుంది. అమ్మ బతికే ఉంది అని ఆ పాట చెప్పింది. ఉత్తరం లేదు, మనిషి లేడు, పాట ఒక్కటే సముద్రం దాటింది.

ఈ కథ మా అవ్వకు చెప్పాను. అవ్వకు జపాన్ ఎక్కడుందో తెలీదు. అంతా విని కాసేపు ఊరుకుంది. తర్వాత, కొడుకు వచ్చాడా అని మాత్రం అడిగింది. వచ్చాడు అవ్వా, అమ్మకు కళ్ళు పోయాక వచ్చాడు అన్నాను. అవ్వ ఇంకేమీ అనలేదు, పైటకొంగుతో ముఖం తుడుచుకుని లేచి వెళ్ళింది. జపాన్ నాయికలు మనకెందుకు నచ్చుతారు అని పెద్ద వ్యాసం రాయొచ్చు గానీ, నాకు ఆ రోజు అవ్వను చూశాకే బాగా అర్థమైంది. మాట తక్కువైన చోట మన సొంత బాధ వచ్చి కూర్చుంటుంది. ఖాళీ ఉంటేనే కదా కూర్చోగలిగేది.

సరిగ్గా ఆ గొప్ప పాత్రలు వేస్తున్న రోజుల్లోనే కినుయో ఇంకో పని మొదలుపెట్టింది. దర్శకత్వం. అప్పటికి జపాన్‌లో కథా చిత్రం తీసిన స్త్రీ ఒక్కరే, సకానె తజుకో, 1936లో. కినుయోకు అప్పటికే పేరుంది, కానీ నేరుగా కుర్చీలో కూర్చోలేదు. నరుసె మికియో అనే దర్శకుడి దగ్గర ఒక సినిమాకు సహాయకురాలిగా చేరి పని నేర్చుకుంది. 1953 చివర్లో ఆమె మొదటి సినిమా వచ్చింది. పేరు కోయిబుమి, అంటే ప్రేమలేఖ. అమెరికా సైనికులకు జపాన్ ఆడవాళ్ళ తరఫున ఇంగ్లీషులో ఉత్తరాలు రాసిపెట్టే ఒక మాజీ సైనికుడి కథ. 1954లో దాన్ని కాన్ ఉత్సవంలో చూపించారు.

మనకు దగ్గర విషయం ఒకటి. అదే 1953లో ఇక్కడ మద్రాసులో భానుమతి గారు చండీరాణి సినిమాకు దర్శకత్వం వహించారు. తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లో. భానుమతి గారు నెమ్మదైన నాయిక అని ఎవరూ అనరు లెండి! స్వభావాల్లో ఇద్దరూ ఉత్తర దక్షిణాలు. ఒకరి గురించి ఒకరికి తెలిసి ఉంటుందని కూడా నేను అనుకోను. అయినా ఒకే ఏడాది ఇద్దరు నటీమణులు, ఇద్దరూ పాట తెలిసినవాళ్ళు, కెమెరా ముందు నుంచి వెనక్కి నడిచారు. సాలిగ్రామం వైపు బస్సులో వెళ్ళినప్పుడు ఈ సంగతి గుర్తు చేసుకోండి.

కినుయో రెండో సినిమా మొదలుపెట్టబోతే అడ్డుపడింది ఎవరో తెలుసా? మిజోగుచే. ఆమెతో అన్ని గొప్ప స్త్రీ పాత్రలు వేయించినవాడు. దర్శకుల సంఘానికి ఆయన పెద్ద. ఆమె దర్శకురాలు కావడానికి వీల్లేదని వ్యతిరేకించాడు. స్త్రీల కష్టాలు తెర మీద అంత చక్కగా చూపించిన మనిషి, ఆ స్త్రీ తన కథ తానే చెప్తానంటే ఒప్పుకోలేదు. ఒజు మాత్రం ఆమె పక్షాన నిలబడ్డాడు. ఆ సినిమా స్క్రిప్టు ఒజు ఇంకొకరితో కలిసి రాసిందే. 1955 జనవరిలో సినిమా వచ్చింది. మిజోగుచితో స్నేహం మాత్రం మునుపటిలా లేకుండా పోయింది. ఆమె గొడవ పడి సభలు పెట్టలేదు. సినిమా తీసేసింది, అంతే.

అదే ఏడాది ఆమె మూడో సినిమా వచ్చింది. నాకజో ఫుమికో అనే కవయిత్రి జీవితం ఆధారంగా తీసింది. ఫుమికో తంక అనే చిన్న పద్యాలు రాసేది. భర్త నుంచి విడిపోయి, రొమ్ము క్యాన్సర్‌తో 1954లో, ముప్పై ఒకటో ఏట పోయింది. సినిమాకు స్క్రిప్టు రాసింది కూడా స్త్రీయే, టనాకా సుమియే. ఇంటిపేరు ఒకటే గానీ చుట్టరికం లేదు. జబ్బుపడిన ఒంటిని, ఆ ఒంటిలో ఇంకా మిగిలిన ఆశను, దాచకుండా, సిగ్గుపడకుండా చూపించారు. ఈ రోజుకీ మనం ఇళ్ళలో గొంతు తగ్గించి చెప్పుకునే జబ్బు అది. 1955లో ఒక స్త్రీ దాన్ని తెర మీద పెట్టింది. 1962 వరకు మొత్తం ఆరు సినిమాలు తీసి ఆమె ఆ పని ముగించింది.

నటన మాత్రం ఆపలేదు. 1958లో నరయామా కథ. కరువు ఊళ్ళో డెబ్భై ఏళ్ళు వచ్చిన ముసలివాళ్ళను కొడుకులే కొండ మీద వదిలి రావాలనే ఆచారం. ఆ ముసలమ్మ పాత్ర కోసం నలభై ఎనిమిదేళ్ళ కినుయో ముందు పళ్ళు తీయించుకుంది. ఒకప్పుడు దేశమంతా ప్రేమించిన నవ్వు అది. పాత్ర కావాలంటే ఇచ్చేసింది.

ఆఖరి పెద్ద పాత్ర 1974లో, సాందకన్ ఎనిమిదో నంబరు ఇల్లు. పేదరికం వల్ల ఆడపిల్లలను చిన్నప్పుడే దూర దేశాల వేశ్యాగృహాలకు అమ్మేసేవారు. అలా బోర్నియోకు వెళ్ళి, ముసలితనంలో పూరి గుడిసెలో ఒంటరిగా బతుకుతున్న ఒసాకి అనే ఆవిడ కథ. ఒక యువ పరిశోధకురాలు వచ్చి ఆమె దగ్గర ఉంటుంది. ఒసాకి మెల్లగా, చాలా మెల్లగా, తన కథ చెప్తుంది. సినిమా చివర బోర్నియోలో ఆ ఆడవాళ్ళ సమాధులు కనిపిస్తాయి. అవన్నీ జపాన్‌కు వీపు తిప్పి ఉంటాయి. ఆ పాత్రకు 1975లో బెర్లిన్ ఉత్సవంలో ఉత్తమ నటి బహుమతి, వెండి ఎలుగుబంటి, కినుయోకు వచ్చింది. అప్పటికి ఆమెకు అరవై ఐదు. 1977 మార్చి 21న మెదడులో కణితితో కన్నుమూసింది.

తర్వాత ఆమె పేరు మీద నటీమణులకు ఒక బహుమతి పెట్టారు. 1987లో ఇచికావా కోన్ ఆమె జీవితాన్నే సినిమాగా తీశాడు. పుట్టిన ఊరు షిమొనోసెకిలో 2010లో ఆమె స్మారక భవనం తెరిచారు. ఆమె తీసిన ఆరు సినిమాలను ఈ మధ్య బాగుచేసి మళ్ళీ పలు దేశాల్లో చూపిస్తున్నారు. నటిగా బతికి ఉన్నప్పుడు వచ్చిన పేరు, దర్శకురాలిగా పోయాక వస్తోంది.

ఇంత రాశాక నాకు అనిపించేది ఇది. మౌనంలో రెండు రకాలున్నాయి. ఒకటి మన మీద వేసేది. నోరు మూసుకో అంటే మూసుకునేది, నవ్వుతారేమో అని భయపడి దాచుకునేది. రెండోది మనం ఎంచుకునేది. చెప్పాల్సింది గట్టిగా తెలిసి, ఎప్పుడు, ఎలా చెప్పాలో కూడా తెలిసినవాళ్ళది. బయట నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి. కినుయో మొదటి దానిలో పుట్టింది, రెండో దానిలోకి నడిచింది. ఆ నడకకు ఆమెకు యాభై ఏళ్ళు పట్టింది.

మీకు టైం ఉంటే ముందు సాన్షో దయు చూడండి. తర్వాత ఆమె సొంతంగా తీసిన కోయిబుమి చూడండి. ఒకదానిలో ఆమె ఇంకొకరి కళ్ళకు ఎలా కనిపించిందో ఉంది, రెండోదానిలో ఆమె కళ్ళకు లోకం ఎలా కనిపించిందో ఉంది. చూశాక మీకేమనిపించిందో ఈ గోడ మీదే, పక్కన ఖాళీ వదిలాను, రాసి అంటించండి. మద్రాసు తెలుగులోనే రాయండి.